కొప్పెరలో ఏది ముందు వేయాలి? రసవాదం ఆటల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

రసవాదిగా ఒక వర్క్‌షాప్ నడిపే వీడియో ఆటల మీద వచ్చిన ఉత్తరాలన్నీ ఈ సంచికలో ఒకచోట చేర్చాం. ఎక్కువమంది 'అటెలియర్ రైజా' మొదటి భాగం గురించి అడిగారు. దాని తర్వాత 'పోషన్ క్రాఫ్ట్', 'అటెలియర్ మేరీ' రీమేక్. ఒకే సందేహాన్ని చాలామంది రాసినచోట అన్నింటినీ కలిపి ఒకే ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: రైజా మొదటి భాగంలో ఏ వస్తువు చేయబోయినా లూపుల (సరుకు వేసే గడుల) పటం పెద్దగా కనిపిస్తుంది. సగం లూపులు తెరుచుకోకముందే సరుకు వేసే అవకాశాలు అయిపోతున్నాయి. పెట్టె నిండా సరుకు ఉన్నా ఇదే పరిస్థితి. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మీకు తక్కువైంది సరుకు కాదు, అవకాశాలు. రెసిపీకి ఎన్నిసార్లు సరుకు వేయవచ్చో ఆటే ఒక పరిమితి పెడుతుంది. కథానాయిక రైజా ఆల్కెమీ (రసవాదం) లెవెల్ పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. అందుకని వేసే ప్రతి సరుకూ ఎంత పని చేస్తుందన్నదే లెక్క.

ఒక లూపును దగ్గరగా చూద్దాం. ప్రతి లూపుకూ ఒక రంగు, అంటే ఒక ఎలిమెంట్, ఉంటుంది: అగ్ని, మంచు, మెరుపు, గాలి. అందులో ఏ సరుకు పడుతుందో కూడా రాసి ఉంటుంది, ఒకచోట ఫలానా వస్తువే కావాలని, మరోచోట ఫలానా రకానిది ఏదైనా సరేనని. వేసిన సరుకులో ఆ రంగు ఎలిమెంట్ ఎంత ఉంటే లూపు అంత నిండుతుంది. కొంత నిండగానే ఒక ఎఫెక్ట్, అంటే చేసే వస్తువుకు ఒక గుణం, వస్తుంది, ఇంకొంత నిండితే దానికంటే మంచి ఎఫెక్ట్ వస్తుంది, పక్క లూపుకు దారి తెరుచుకుంటుంది. ఉదాహరణకు, అగ్ని లూపు పూర్తిగా నిండడానికి 4 కావాలనుకోండి, మీకు మొత్తం 6 అవకాశాలు ఉన్నాయనుకోండి. అగ్ని విలువ 1 ఉన్న సరుకు వేస్తే ఆ ఒక్క లూపుకే 4 అవకాశాలు పోతాయి, మిగతా పటమంతటికీ రెండే మిగులుతాయి. అదే విలువ 2 ఉన్నది వేస్తే రెండింటితో నిండిపోతుంది, నాలుగు మిగులుతాయి. విలువ 3 ఉన్నది వేస్తే? దానికీ రెండే ఖర్చవుతాయి, పైగా రెండోసారి వేసినదాంట్లో సగానికి పైగా వృథా. అంటే అక్కడ విలువ 2 ఉన్నదే చాలు, 3 ఉన్నదాన్ని పెద్ద లూపుకు దాచుకోవాలి. చాలామంది చేసే పొరపాటు ఇదే. విలువ ఎక్కువ ఉన్న సరుకును కనిపించిన మొదటి లూపులోనే పోసేస్తారు.

కాబట్టి కొప్పెర దగ్గర ముందుగా చేయాల్సిన పని పటం చివరి నుంచి మొదటికి చదవడం. మీకు కావాల్సిన ఎఫెక్ట్ ఏ లూపులో ఉందో చూడండి. అక్కడికి వెళ్లే దారిలో ఉన్న లూపులు ఎన్నో, ఒక్కొక్కటి ఎంత నిండితే తర్వాతిది తెరుచుకుంటుందో లెక్కపెట్టండి. ఆ మొత్తం మీ అవకాశాల్లో ఇమిడితేనే మొదలుపెట్టండి. దారిలో లేని లూపు ఎంత ఆశపెట్టినా దాన్ని ముట్టుకోకండి. తప్పనిసరి లూపులు మాత్రం వదలడానికి లేదు, వాటిలో కనీసం ఒక సరుకైనా పడాలి. వాటికి ఒక్కొక్కటి పక్కన పెట్టుకున్నాకే మిగతా లెక్క.

లెక్క ఇమడకపోతే మూడు దారులు ఉన్నాయి. రెండు మూడు ఎలిమెంట్లు కలిసి ఉన్న సరుకు వెతకండి, అది ఆ రంగుల్లో ఏ లూపుకైనా పనికొస్తుంది, వెతుకులాట తగ్గుతుంది. లేదంటే న్యూట్రలైజర్లు, అంటే వేరే వస్తువుల్లో సరుకుగా పడేవి, ముందుగా చేసి పెట్టుకోండి. ఎరుపుది అగ్నికి, నీలం మంచుకు, పసుపు మెరుపుకు, ఆకుపచ్చ గాలికి. ఇవి స్వయంగా వాడే వస్తువులు కావని చాలామంది చిన్నచూపు చూస్తారు. కానీ వాటిని చేసేటప్పుడే ఎలిమెంట్ విలువ పెంచే ఎఫెక్టులు తెరిచి పెట్టుకుంటే, తర్వాత పెద్ద వస్తువు చేసేటప్పుడు ఒక్క న్యూట్రలైజరే రెండు మూడు మామూలు సరుకుల పని చేస్తుంది. మూడో దారి, ఆ వస్తువును కొన్నాళ్లు వదిలేసి వేరేవి చేస్తూ ఆల్కెమీ లెవెల్ పెంచుకోవడం. కొత్త రెసిపీ మొదటిసారి చేసినప్పుడు లెవెల్ బాగా కదులుతుంది. అందుకే అక్కర్లేదనిపించిన రెసిపీని కూడా ఒక్కసారైనా చేయాలి.

సరుకును ఆటే ఎంచి వేసే ఆటో పద్ధతి కూడా ఉంది. తక్కువ క్వాలిటీవి వాడమని చెప్పి, మొదటిసారి చేసే చిన్నాచితకా వస్తువులకు దాన్ని వాడుకోండి. ఆయుధానికీ బాంబుకూ మాత్రం చేత్తోనే వేయాలి.

ఇంకో మాట. కొన్ని లూపులు నిండితే ఎఫెక్ట్ రాదు, ఆ వస్తువే వేరే వస్తువుగా మారిపోతుంది, అలా ఒక కొత్త రెసిపీ చేతికొస్తుంది. ఈ ఆటలో మంచి రెసిపీలు చాలావరకు ఇలాగే దొరుకుతాయి, పుస్తకాల్లో కాదు. పటంలో అలాంటి లూపు కనిపిస్తే, ఎఫెక్టుల సంగతి పక్కనపెట్టి, ఉన్న అవకాశాలన్నీ అటువైపే పెట్టి ఒకసారి అక్కడిదాకా వెళ్లండి. వచ్చిన వస్తువు నాసిరకంగా ఉన్నా ఫర్వాలేదు, రెసిపీ నిలిచిపోతుంది.

ప్రశ్న: నా వస్తువుల క్వాలిటీ ఒక దగ్గర ఆగిపోయింది. 999 వరకు వెళుతుందని విన్నాను. నాది ఎప్పుడూ అందులో సగం కూడా దాటదు.

999 గరిష్ఠం, నిజమే. వస్తువు క్వాలిటీ వేసిన సరుకుల క్వాలిటీని బట్టే వస్తుంది. మీరు నాలుగు మంచివి వేసి, లూపు నిండడం కోసం రెండు నాసివి కలిపితే ఆ రెండూ మొత్తాన్ని కిందికి లాగుతాయి. పైన చెప్పిన అవకాశాల పొదుపు ఇక్కడ రెండోసారి పనికొస్తుంది. తక్కువ సరుకుతో లూపు నిండితే నాసివి కలపాల్సిన అవసరమే రాదు.

అడవిలో దొరికే ముడిసరుకుకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటాలంటే మధ్యలో తయారయ్యే వస్తువుల మీద పని చేయాలి. న్యూట్రలైజర్లు, కడ్డీలు, బట్టలు అలాంటివి. వీటి పటాల్లో క్వాలిటీ పెంచే లూపులు ఉన్నాయేమో చూసి వాటిని నింపండి. క్వాలిటీని పెంచే ట్రెయిట్ (సరుకు నుంచి వస్తువులోకి వెళ్లే ప్రత్యేక లక్షణం) ఉన్న సరుకు దొరికితే అమ్మకండి, జెమ్స్ కోసం కరిగించకండి, విడిగా దాచండి. ఆ ట్రెయిట్‌ను ముందు న్యూట్రలైజర్‌లోకి, అక్కడి నుంచి కడ్డీలోకి, కడ్డీ నుంచి ఆయుధంలోకి నడిపించుకుంటూ వెళ్లాలి. ఒక్కో మెట్టు దగ్గర క్వాలిటీ కొంచెం కొంచెం ఎక్కుతుంది. ఇంకా మంచి పద్ధతి, ఒకదాంట్లో ఒకటి పడే రెండు వస్తువులను వెతికి పట్టుకోవడం. మొదటిది రెండోదానికి సరుకు, రెండోది తిరిగి మొదటిదానికి సరుకు. అలాంటి జత దొరికితే నాలుగైదు చుట్లు తిప్పండి, అంకె ఎక్కడికి వెళుతుందో మీరే చూస్తారు.

ఇంత కష్టం ఒక్క వస్తువుకే. కథలో కొంత దూరం వెళ్లాక నకలు తీసే వీలు వస్తుంది, జెమ్స్ ఖర్చుపెట్టి ఉన్న వస్తువుకు అచ్చంగా అలాంటిదే మరొకటి చేసుకోవచ్చు. అందుకే ఒక మంచి న్యూట్రలైజర్ తయారైన రోజున దాన్ని చివరిదాకా వాడేయకండి. ఒకటి ఎప్పుడూ పెట్టెలో ఉండాలి. ఆ ఒక్కటి పోయిందంటే మళ్లీ మొదటి నుంచీ ఎక్కాలి.

జెమ్స్ ఎక్కడి నుంచి వస్తాయని ఇదే ఉత్తరంలో అడిగారు. మిగులు సరుకును కరిగిస్తే వస్తాయి. కరిగించే ముందు ట్రెయిట్ల వరుస ఒకసారి చూసుకోండి. క్వాలిటీ తక్కువని పారేసేవాటిలోనే అరుదైన ట్రెయిట్ దాక్కుని ఉంటుంది.

ప్రశ్న: రెసిపీలో అడిగిన సరుకు ఎంత తిరిగినా దొరకడం లేదు. చెట్లన్నీ కొట్టాను.

దేనితో కొట్టారు? రైజాలో ఒకే చెట్టు, ఒకే రాయి, మీరు వాడే పనిముట్టును బట్టి వేర్వేరు సరుకు ఇస్తుంది. కర్రతో కొడితే రాలేది ఒకటి, గొడ్డలితో నరికితే వచ్చేది మరొకటి. మొక్కను చేత్తో తెంపినప్పుడూ కొడవలితో కోసినప్పుడూ ఒకటే రాదు. రాయికి సుత్తి, పురుగులకు వల, నీళ్లకు గాలం. కొత్త పనిముట్టు చేతికి రాగానే పాత చోట్లన్నీ ఒక చుట్టు తిరగాలి, కొత్త ప్రాంతం కంటే అక్కడే ఎక్కువ దొరుకుతుంది.

ఆ పనిముట్లు కూడా కొప్పెరలోనే తయారయ్యేవి. మొదటిసారి ఎలాగోలా చేసి పక్కన పడేసిన గొడ్డలిని అలాగే వదలకండి. లెవెల్ పెరిగాక దాన్ని ఇంకోసారి శ్రద్ధగా, ఎఫెక్టులు తెరుచుకునేలా చేసుకోండి. బుట్టకు పరిమితి ఉందన్నది మరవకండి. దూరం వెళ్లేటప్పుడు ఖాళీ బుట్టతో బయల్దేరాలి, దారిలో మొదట కనిపించిన గడ్డితో నింపుకుంటే చివర్లో దొరికే ఖనిజానికి చోటుండదు.

ప్రశ్న: అటెలియర్ ఆటలు చాలా ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి?

రైజా మొదటి భాగంతో. 2019లో వచ్చింది, గడువులు లేవు, నిదానంగా నేర్చుకోవచ్చు. రెండో భాగం కథ మూడేళ్ల తర్వాత జరుగుతుంది, మూడోది దాని తర్వాతి ఏడాది. ముగ్గురు నలుగురు పాత్రలు అంతటా ఉంటారు కనుక వరుస తప్పితే కథ రుచి పోతుంది. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన మొట్టమొదటిది 'మేరీ'. దాని రీమేక్ 2023లో వచ్చింది. అది చిన్న ఆట, కానీ మనస్తత్వం వేరు. దాని సంగతి కింద చూడండి.

ప్రశ్న: మేరీ రీమేక్‌లో 5 ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి. పరీక్షకు చూపించడానికి చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటీ లేదు.

ఈ ఆటలో అసలు డబ్బు రోజులే. దారి నడిస్తే రోజులు, సరుకు ఏరితే రోజులు, కొప్పెర ముందు కూర్చుంటే రోజులు. గురువు ఇంగ్రిడ్ తన శిష్యురాలు మేరీకి ఇచ్చిన 5 ఏళ్లలో ఒక మంచి వస్తువు చూపించాలి, అంతే షరతు.

రోజులు ఎక్కువగా పోయేది ప్రయాణాల్లో. ఒక్క రెసిపీ కోసం ఒక్కసారి దూరం వెళ్లిరావడం పెద్ద నష్టం. బయల్దేరే ముందు ఆ ప్రాంతంలో దొరికే సరుకుతో ఏయే రెసిపీలు అవుతాయో చూసుకోండి, రెండు మూడింటికి సరిపడా ఒకేసారి తెచ్చుకోండి. దగ్గరి అడవిలో దొరికే మామూలు సరుకు కోసం మీరు వెళ్లొద్దు. కూలికి పనిచేసే ఫెయిరీలు ఉన్నారు. సరుకు తేవడం, తేలిక వస్తువులు చేయడం వాళ్లకు అప్పగించండి. డబ్బు చేతిలో పడ్డాక మొదట పెట్టాల్సిన ఖర్చు అదే అని మా అభిప్రాయం. వాళ్లకు ఇచ్చే కూలి మీకు రోజులుగా తిరిగి వస్తుంది.

రెండోది అలసట. వరసగా తయారు చేస్తూపోతే అలసట పేరుకుంటుంది, చేసింది చెడిపోయే ప్రమాదం పెరుగుతుంది. చెడితే సరుకూ పోయె, రోజులూ పోయె. అలసట అంకె పెరగగానే విశ్రాంతి ఇవ్వండి, ఆ రోజు వృథా అనుకోవద్దు. సత్రంలో ఒప్పుకునే పనులకు గడువు ఉంటుంది కాబట్టి, చేతిలో సరుకు ఉన్న పనులు మాత్రమే ఒప్పుకోండి. పుస్తకాలకు, పనిముట్లకు డబ్బు వాటి నుంచే రావాలి. పనిముట్టు లేనిదే కొన్ని రెసిపీలు అసలు మొదలవ్వవు. సరుకంతా మోసుకొచ్చాక ఆ సంగతి తెలిస్తే ఆ ప్రయాణమంతా దండగ. రెసిపీ చదివేటప్పుడే ఆ వరుస కూడా చూసుకోవాలి.

గడువు మీకు నచ్చకపోతే రీమేక్‌లో గడువు లేని పద్ధతి ఉంది, మొదలుపెట్టేటప్పుడే ఎంచుకోవచ్చు. కానీ మొదటిసారి గడువుతోనే ఆడమని మా సలహా. రోజుల లెక్క తీసేస్తే ఫెయిరీలకూ, ప్రయాణాలకూ ఉన్న విలువ సగం పోతుంది.

ప్రశ్న: రైజాలో యుద్ధం మధ్యలో వస్తువులు వాడటానికి కావాల్సిన సీసీ పాయింట్లు అయిపోతున్నాయి. పెద్ద శత్రువు ముందు బాంబులు ఉండి కూడా విసరలేకపోతున్నాను.

సీసీ మీ జట్టంతటికీ ఉమ్మడి. ప్రతి వస్తువుకూ ఇంత అని ఖర్చు ఉంటుంది. అయిపోయినప్పుడు మీ దగ్గరున్న వస్తువుల్లో ఒకదాన్ని కన్వర్ట్ చేస్తే సీసీ తిరిగి వస్తుంది, కానీ ఆ వస్తువు మళ్లీ వర్క్‌షాప్‌కు వెళ్లేదాకా పనిచేయదు. ఇక్కడ చాలామంది బాంబును కన్వర్ట్ చేసి, మిగిలిన బలహీన వస్తువులతో పోరాడతారు. అలా కాకుండా, కన్వర్ట్ చేయడానికే ఒక మామూలు వస్తువును ముందుగా ఒకరి చేతిలో పెట్టి ఉంచండి. చిన్న శత్రువుల మీద సీసీ అసలు ఖర్చుపెట్టకండి, మామూలు దెబ్బలు చాలు.

ఆ మామూలు దెబ్బలే ఏపీ అనే మరో రకం పాయింట్లను పోగు చేస్తాయి. ఏపీ నిండాక ఖర్చుపెట్టి టాక్టిక్స్ లెవెల్ పెంచితే ఆ యుద్ధం అయ్యేదాకా అందరి దెబ్బల బలం పెరుగుతుంది. గరిష్ఠం 5, యుద్ధం అయిపోతే మళ్లీ 1కి వస్తుంది. పెద్ద శత్రువు ఎదురైతే మొదట లెవెల్ 3 వరకైనా పెంచండి, ఆ తర్వాతే నైపుణ్యాలు, బాంబులు. తోటివాళ్లు ఏపీని తమంతట తాము ఖర్చు చేస్తుంటే వాళ్లను పొదుపు పద్ధతిలోకి మార్చండి. అయితే 10 ఏపీ ఎప్పుడూ చేతిలో మిగలాలి. ఆ 10 ఇచ్చి క్విక్ యాక్షన్‌తో మీ వంతు రాకుండానే వస్తువు వాడొచ్చు, ఒకరు పడిపోబోతున్నప్పుడు మందు అందేది అలాగే. తోటివాళ్లు అడిగిన పని చేసిపెడితే వాళ్లు అదనంగా ఒక పెద్ద దెబ్బ వేస్తారు. వాళ్ల తల పక్కన వచ్చే కోరికను చదవకుండా వదలకండి.

ప్రశ్న: పోషన్ క్రాఫ్ట్‌లో నా మందులు ఎప్పుడూ రెండో స్థాయి దగ్గరే ఆగిపోతున్నాయి. మూడో స్థాయి కావాలనే గిరాకీలను వెనక్కి పంపాల్సి వస్తోంది.

ఈ ఆటలో మందు అంటే ఒక పటం మీద జరిగే సీసా ప్రయాణం. ప్రతి మూలికకూ తనదైన దారి ఉంది. కొప్పెరలో వేస్తే ఆ దారి సీసా ముందు గీతగా పడుతుంది, గరిటెతో కలిపితే సీసా ఆ గీత వెంట నడుస్తుంది. పటంలో మీకు కావాల్సిన గుణానికి ఉన్న గుర్తు మీదికి చేరాక తిత్తి ఊది మంట పెంచితే ఆ గుణం మందులో నిలుస్తుంది. సీసా గుర్తును అంచున తాకితే మొదటి స్థాయి, కొంత కప్పితే రెండోది, గుర్తు మీద సరిగ్గా కూర్చుంటేనే మూడోది. మీ సీసా గుర్తు దాకా వెళుతోంది, చివరి వెంట్రుకవాసి దగ్గర ఆగిపోతోంది.

ఆ చివరి కదలికకు మొదటి ఉపాయం కల్వం. మూలికను నూరకుండా వేస్తే దాని దారిలో కొంతే పడుతుంది, నూరేకొద్దీ మిగతాది పొడవు సాగుతుంది. పూర్తిగా నూరాలన్న నియమం ఏమీ లేదు. గుర్తుకు రవ్వంత దూరంలో ఉన్నప్పుడు, మూలికను కల్వంలో వేసి రోకలిని ఒకటి రెండు సార్లు మాత్రమే తిప్పి, గీత చివర ఎక్కడ పడుతుందో చూడండి. గుర్తు నడిమికి చేరే క్షణంలో నూరడం ఆపి కొప్పెరలో వేయండి.

రెండోది నీళ్లు. కొప్పెరలో నీళ్లు పోస్తే సీసా పటం నడిబొడ్డు వైపు, అంటే బయల్దేరిన చోటు వైపు నేరుగా జరుగుతుంది. గుర్తు దాటి కొంచెం ముందుకు వెళ్లినా ఫర్వాలేదు, నీళ్లు బొట్టుబొట్టుగా పోసి వెనక్కి రప్పించవచ్చు. అందుకే గుర్తుకు ముందు ఆగడం కంటే, గుర్తూ నడిబొడ్డూ ఒకే గీతలో ఉండేలా చూసుకుని అవతలికి దాటించడం మంచిది. వెనక్కి తేవడానికి మూలిక ఖర్చు లేదు. నీళ్లు పోసినప్పుడు ఇంకా నడవని గీత కూడా సీసాతో పాటే జరుగుతుందని గుర్తుంచుకోండి. మధ్యలోనే నీళ్లు పోసి మిగిలిన దారిని పక్కకు తప్పించడం పటంలో అడ్డుగా ఉండే ఎముకల గుట్టలను దాటడానికి బాగా పనికొస్తుంది. ఎముకలు తగిలితే సీసాలో మందు చెడిపోతుంది, చేసిందంతా పోతుంది.

దారి ఎముకలతో మూసుకుపోయి ఉంటే రాళ్లు, స్ఫటికాలు వాడండి. మూలికల మాదిరిగా నడవకుండా సీసాను దూకిస్తాయి. సుడులు కనిపిస్తే వదలొద్దు. సుడిలో సీసాను పెట్టి తిత్తి ఊదితే అది సుడి నడిమికి లాగుతుంది. ఎన్నిసార్లు చేసినా ఒకే చోటికి చేరుస్తుంది కనుక, దూరపు గుర్తులకు అక్కడి నుంచి దారి లెక్కించుకోవడం సులువు.

అన్నీ సరిగ్గా ఉన్నా మూడో స్థాయి రాకపోతే సీసా ఒరిగి ఉందేమో చూడండి. గుర్తు ఎంత వంపుతో ఉందో సీసా కూడా అంతే వంపుతో ఉండాలి. దీన్ని సరిచేసేవి ఉప్పులు. సూర్య లవణం సీసాను ఒక వైపు తిప్పుతుంది, చంద్ర లవణం ఎదురు వైపు. శూన్య లవణం కొప్పెరలో వేసి ఉన్న దారిని చెరిపేస్తుంది, పొరపాటున ఎక్కువ నూరి వేసినప్పుడు అదే దిక్కు. ఒక మందు మూడో స్థాయికి చేరగానే దాన్ని రెసిపీ పుస్తకంలో దాచండి. తర్వాతిసారి మూలికలు ఉంటే చాలు, దారి మళ్లీ నడవక్కర్లేదు. ఉన్న పాత రెసిపీ కంటే తక్కువ మూలికలతో అదే మందు అయితే పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టుకోండి. దుకాణం లాభమంతా ఆ తేడాలోనే ఉంటుంది.

ప్రశ్న: పోషన్ క్రాఫ్ట్‌లో రసవాద యంత్రం దగ్గర నైగ్రెడో, ఆల్బెడో అనే పేర్లు వస్తాయి. ఇవి ఆటవాళ్లు కల్పించినవా?

కాదు. యూరప్ రసవాదులు తమ మహాకార్యానికి చెప్పుకున్న దశలే ఇవి. నైగ్రెడో నలుపు, ఆల్బెడో తెలుపు, సిట్రినిటాస్ పసుపు, రుబెడో ఎరుపు. పదార్థం కుళ్లి నల్లబడి, కడిగినట్టు తెల్లబడి, పసుపెక్కి, చివరికి ఎర్రబడితే స్పర్శమణి సిద్ధమవుతుందని వాళ్ల నమ్మకం. ఆటలో కూడా యంత్రం ఇదే వరుసలో నడుస్తుంది. ఒక్కో దశ పూర్తయితే ఒక్కో ఉప్పు తయారు చేసే వీలు వస్తుంది. నైగ్రెడో తర్వాత శూన్య లవణం, ఆల్బెడో తర్వాత చంద్ర లవణం, సిట్రినిటాస్ తర్వాత సూర్య లవణం, రుబెడో తర్వాత జీవ లవణం. యంత్రానికి కావాల్సినవి మీ చేతి మందులే కాబట్టి, బాగా కుదిరిన ప్రతి కొత్త మందులోనూ ఒకటి రెండు సీసాలు అమ్మకుండా అల్మారాలో ఉంచండి. ముందు శూన్య లవణం దాకా చేరుకోండి. మిగతా మూడింటి కోసం చేసే ప్రయోగాల్లో పడే తప్పుడు గీతలను చెరపడానికి అదే కావాలి.